గాలిబండ పక్కన తాత తోట

మాఘమాసం చివరి రోజుల్లో హార్సిలీ హిల్స్ మీద మెలకువ వస్తే ముందు వినిపించేది గాలి. కోడికూత దాని తర్వాతే. కళ్ళు తెరవకుండా దుప్పట్లో ముడుచుకుని వింటూ ఉండేదాన్ని. నీలగిరి చెట్ల మీదుగా వస్తే వాన పడుతున్నట్టు ఉండేది. సిల్వర్ ఓక్ కొమ్మల్లో దూరితే కొత్త పట్టుచీర మడత విప్పుతున్నట్టు గరగరలాడేది. సరుగుడు చెట్లలో అయితే ఎవరో నోరు తెరవకుండా రాగం తీస్తున్నట్టు ఒకటే సన్నని మూలుగు. ఏ చెట్టు ముందు పలికిందో విని తాత మంచం మీద నుంచే గాలి దిక్కు చెప్పేవాడు.

"ఈశాన్యపు పట్టు సడలింది. ఇక చివుళ్ళు కదులుతాయి" అన్నాడంటే మాకు చలికాలం వెళ్ళిపోయినట్టే. కంటికి ఒక్క కొత్త పువ్వు కనబడకముందే వసంతం మా చెవిన పడేది.

నేను ఆ కొండ మీద ఉన్నది ఏడాదికి తక్కువే. 1979 దసరా వెళ్ళాక నన్ను అక్కడ దించారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మకు క్షయ అని తేలింది. మదనపల్లె బయట ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. నాయన ఉద్యోగం ఊళ్ళు తిరిగేది. కాబట్టి నేను అమ్మమ్మ ఇంటికి, అంటే కొండ మీద ఒక పాత అతిథిగృహం వెనక ఉన్న రెండు గదుల పెంకుటింటికి చేరాను. తాత ఆ అతిథిగృహంలో తోటమాలి.

కింద మైదానం ఎండకు మాడుతున్నా 4 వేల అడుగుల పైన మాకు పొద్దున శాలువా కావలసి వచ్చేది. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ అనే దొర ఆ చల్లదనానికే ముచ్చటపడి పైన ఇల్లు కట్టించుకున్నాడు. కొండకు ఆయన పేరే స్థిరపడింది. మా అవ్వ మాత్రం ఏనుగు మల్లమ్మ కొండ అనే అనేది. వెనకటికి ఈ కొండ మీద ఉన్న మల్లమ్మ అనే ఆమెకు ఏనుగులే తిండి తెచ్చి పెట్టేవని అక్కడ కథ. ఆమెకు గుడి కూడా ఉంది. ప్రతి శుక్రవారం అవ్వ ఆ గుడికి వెళ్ళి, "నిన్ను ఏనుగులు సాకినాయి తల్లీ, నా బిడ్డను నువ్వు సాకు" అని మొక్కి వచ్చేది. అమ్మ ఉన్న ఆసుపత్రి కూడా ఈ గాలిని నమ్ముకునే అక్కడ వెలిసింది. 1915 నుంచీ ఉంది. క్షయకు మందులు లేని కాలంలో పొడిగాలి, ఎండ, విశ్రాంతి, కడుపునిండా తిండి, ఇవే వైద్యం. అమ్మ నాటికి స్ట్రెప్టోమైసిన్ సూదులూ మాత్రలూ వచ్చేశాయి. అయినా నెలలకొద్దీ పడుకోవలసిందే.

గాలిబండ అని కొండ అంచున ఒక పెద్ద రాతి చరియ ఉంది. కొండకు వచ్చినవాళ్ళంతా అక్కడ నిలబడి ఫోటో దిగి వెళతారు. అక్కడ గాలి ఎప్పుడూ ఉంటుంది, అందుకే ఆ పేరు. మైదానం మీద అడ్డు లేకుండా వచ్చిన గాలి కొండను ఢీకొని, పైకి ఎగబాకి, ఆ అంచు మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నేను తాత తుండుగుడ్డను రెండు చేతులతో తలపైన పట్టుకుని నిలబడితే అది తెరచాపలా ఉబ్బి నన్ను వెనక్కి నెట్టేది. మబ్బు లేని పొద్దుటిపూట అక్కడి నుంచి చూస్తే కింద ఊళ్ళు, చెరువులు, చెనక్కాయ చేలు. అందులో ఏ తెల్లని చుక్క ఆరోగ్యవరమో నాకు తెలియదు. ఏదో ఒకదాన్ని అమ్మ అనుకుని దానికేసి గుడ్డ ఊపేదాన్ని.

తోట ఆ గాలికి దగ్గరలోనే ఉండేది. అలాంటి చోట తోట పెంచడమంటే ఏమిటో ఆ ఏడు కళ్ళారా చూశాను. మైదానంలో తోటమాలికి నీళ్ళ చింత, పురుగు చింత. కొండ మీద అన్నిటికన్నా ముందు గాలి చింత. నీళ్ళు పోసిన గంటలో పైమట్టి పొడిబారిపోతుంది. లేత ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. మొగ్గ విప్పుకోకముందే కాడ విరుగుతుంది. అందుకే తాత తెల్లవారకముందే, గాలి ఇంకా బద్ధకంగా ఉండగానే, కావడితో నీళ్ళు మోసి పాదులన్నీ తడిపేసేవాడు. పొద్దెక్కాక కింద నేల వేడెక్కి గాలి లోయల గుండా పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. "ఆ తర్వాత పోసిన నీళ్ళు మొక్కకు కాదు, గాలికి తాపినట్టు" అనేవాడు.

ప్రతి పాదు చుట్టూ పలకరాళ్ళు పరిచేవాడు. కొండ మీద రాళ్ళకు కరువా! మిట్టమధ్యాహ్నం ఒక రాయి ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా, నల్లగా, చేతికి అంటుకునేంత తడిగా ఉండేది. ఆ చల్లదనానికే తేళ్ళు కూడా చేరతాయని అవ్వకు భయం. నేను చెయ్యి పెట్టబోతే "కట్టెతో ఎత్తవే" అని వాకిట్లోంచి కేకవేసేది. నీలగిరి ఆకు మాత్రం తాత పాదుల్లో వేయనిచ్చేవాడు కాదు. ఆ ఆకు త్వరగా కుళ్ళదు, దాని కింద ఏదీ సరిగా మొలవదు. కొండ మీద ఎంతో పేరున్న కల్యాణి కూడా నీలగిరి చెట్టే. 1859లో నాటారని చెబుతారు. తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప దాని కొన కనబడదు. తాత దానికి దండం పెట్టేవాడు, దాని ఆకును మాత్రం తోట బయటే ఊడ్చేవాడు.

గాలిని ఆపాలనుకోవడమే పొరపాటు అన్నది తాత గట్టి నమ్మకం. నేను రాకముందు ఎవరో అధికారి పూలమడులను కాపాడదామని నిలువెత్తు ఇటుక గోడ కట్టించారట. గోడను దాటిన గాలి అవతలి పక్క సుడి తిరిగి నేలను కొట్టింది. గోడకు దగ్గరలో వేసిన హాలీహాక్ మొక్కలన్నీ గోడ వైపుకే వాలి పడిపోయాయి. ఆ మాట చెబుతున్నప్పుడు తాత ముఖంలో ఎవరి మీదా కోపం ఉండేది కాదు, ఆ మొక్కల మీద జాలి తప్ప. ఆ తర్వాత ఆయన తన చేత్తో సున్నం లేకుండా, సందులు వదిలి, నడుమెత్తు రాతికట్టు పేర్చాడు. దాని వెంట వావిలి వరస వేశాడు. గాలి ఆ సందుల్లోంచి, ఆ కొమ్మల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగి, మడుల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడేది. కంచె ఎంత ఎత్తుంటే దానికి పదింతల దూరం వరకు ఆ నీడ పనిచేస్తుందని అడుగులతో కొలిచి చూపించాడు. నీడ అనే అన్నాడు. ఎండకే కాదు, గాలికీ నీడ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గాలినీడలో ఏమేం ఉండేవని ఇప్పుడు లెక్కపెట్టుకుంటే కళ్ళముందు రంగులు కదులుతాయి. ముందు వరసలో నేలకు అంటుకుని పాకే వెర్బీనా, నాచుపూలు. వాటి వెనక ఫ్లాక్స్, చలికాలమంతా పూసి అలసిపోయిన చామంతి. బండరాయి చాటున నాటు గులాబీలు. కొండ ఏటవాలు మీద మాత్రం తాత చెయ్యి పడని తోట ఒకటి ఉండేది. ఆకులన్నీ రాల్చేసుకుని, ఎండిపోయినట్టున్న బోసి కొమ్మల చివర కొండగోగు పసుప్పచ్చగా పూసేది, రాళ్ళ మధ్య దీపాలు పెట్టినట్టు. ఇంకా కిందికి మోదుగు ఎరుపు. ఆ బండల్లోనే పసుపు గొంతు పికిలిపిట్ట తిరిగేది. దక్షిణాదిన ఇలాంటి రాతికొండల్లో తప్ప మరెక్కడా కనబడని పిట్ట అది. ఆ సంగతి పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నాకు అది నీళ్ళతొట్టి దగ్గరికి వచ్చే మా ఇంటి పిట్ట.

ఇక సంపెంగ. అమ్మను ఆసుపత్రిలో చేర్చిన వారానికి తాత ఎక్కడి నుంచో ఒక సంపెంగ మొక్క తెచ్చాడు. నా మోచేతికి రాదు ఎత్తు. అమ్మకు పెళ్ళి కాకముందు సంపెంగలంటే ప్రాణమట. తోటలో అన్నిటికన్నా గాలి తక్కువ తగిలే మూల, పెద్ద బండకు తూర్పున, గొయ్యి తీసి నాటాడు. ఊతకర్ర పాతాడు. అరటినార నానబెట్టి, కర్రకూ కాండానికీ మధ్య ఎనిమిది అంకె వేసినట్టు తిప్పి, వదులుగా ముడి వేశాడు. ముడిలో నా రెండు వేళ్ళు దూర్చి చూడమన్నాడు. దూరాయి.

"వదులైపోయింది తాతా, గాలికి ఊగుతుంది."

"ఊగాలనే కట్టింది. ఊగితేనే మాను ముదురుతుంది. కదలకుండా కట్టేస్తే కర్ర మీద ఆనుకుని బతకడం నేర్చుకుంటుంది."

చాలా ఏళ్ళ తర్వాత వృక్షశాస్త్రంలో ఇదే మాట చదివాను. గాలికి కదిలే కాండం ఎత్తు తగ్గించుకుని లావెక్కుతుంది, వేర్లు గట్టిపడతాయి. కదలనివ్వకుండా బిగించిన మొక్క సన్నగా సాగిపోయి, కట్టు ఉన్న చోటే విరుగుతుంది. ఇప్పుడు నేను ఉండే నగరంలో రోడ్డు పక్క మొక్కలకు ప్లాస్టిక్ తాళ్ళు బిగించి మరిచిపోతుంటారు. తాడు బెరడులోకి దిగిపోయి కనిపిస్తుంది. నడక ఆపి, చేతిసంచిలో ఉన్న చిన్న కత్తెరతో ఎన్నిటికి కోశానో. ఎవరైనా అడిగితే కారణం చెప్పే ఓపిక నాకు ఉంది. ఎవరూ అడగరు.

1980లో శివరాత్రి ఫిబ్రవరి 14న వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. ఆ రాత్రి మా కొండ మీద చలి ఊరికే వెళ్ళలేదు, ఇంటి పెంకులు పట్టుకుని ఊపి మరీ వెళ్ళింది. అవ్వ ఉపవాసం, జాగరణ. నేను ఆమె పక్కన కూర్చుని గాలి వింటున్నాను. సంపెంగ ఊగుతూ ఉంటుందని తెలుసు. అది ఊగుతుంటే నాకు ఎందుకో ఆసుపత్రి మంచం మీద దగ్గుతున్న అమ్మ కనిపించింది. అమ్మ దగ్గితే నడుము నుంచి తల దాకా అలాగే కదిలిపోయేది.

తెల్లవారి తాత నీళ్ళకు వెళ్ళినప్పుడు నేను పెరట్లోంచి కిత్తనార తాడు తెచ్చాను. కాండాన్ని కర్రకు ఆనించి, మూడు చుట్లు చుట్టి, బలమంతా పెట్టి ముడి బిగించాను. గాలి వచ్చింది. మొక్క కదలలేదు. ఆ రోజంతా నా మనసుకు ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను.

మర్నాడు శనివారం, ఫిబ్రవరి 16, సూర్యగ్రహణం. వారం నుంచి రేడియోలో అదే మాట. రాయచూరు వైపు, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల వైపు పూర్తిగా మూస్తుందన్నారు. మా దగ్గర ఓ నెలవంకంత మిగులుతుంది. అవ్వ పొద్దునే ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు వేసింది. మధ్యాహ్నం తలుపులు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుంది. పైన ఒక పెంకు పగిలి ఉంది. ఆ సందులోంచి రోజూ తూర్పు గోడ మీద రూపాయి బిళ్ళంత ఎండ పడేది. ఆ రోజు చూస్తుండగానే ఆ బిళ్ళ కొరికిన అప్పచ్చిలా అయింది. తర్వాత కొడవలిలా అయింది. తలుపులు ఎంత మూసినా గ్రహణం ఇంట్లోకి వచ్చేసింది. అవ్వ దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు.

అప్పుడే ఇంకొకటి గమనించాను. నీలగిరి చెట్లలో వాన ఆగిపోయింది. సిల్వర్ ఓక్ పలకడం లేదు. సరుగుళ్ళ మూలుగు లేదు. ఆ కొండ మీదికి వచ్చాక గాలి లేకపోవడం అదే మొదటిసారి విన్నాను. పిట్ట కూడా పలకని ఆ నిశ్శబ్దంలో అవ్వ పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏమని అనుకుంటోందో నాకు తెలుసు. ఆరోగ్యవరంలో కూడా ఇప్పుడు ఇంతే చీకటి పడి ఉంటుంది.

గ్రహణం విడిచాక తలస్నానాలు చేశాం. పొద్దు గుంకే వేళకు గాలి తిరిగి వచ్చింది, పోయిన అప్పు వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నట్టు. రాత్రంతా తగ్గలేదు.

తెల్లవారి తాత నన్ను లేపలేదు. నేనే లేచి వెళ్ళేసరికి బండ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. సంపెంగ నేను కట్టిన ముడి దగ్గర విరిగి, పైభాగమంతా బెరడు పీచుతో వేలాడుతోంది. కింద కాండం కర్రకు అంటుకుని నిటారుగా అలాగే ఉంది. వెనకాలే వచ్చిన అవ్వ చూసి చెంపలు వేసుకుంది. "గ్రహణం సోకింది. నా బిడ్డ కోసం పెట్టిన చెట్టుకు గ్రహణం సోకింది" అంటూ అక్కడే కూలబడిపోయింది.

నా గొంతులోంచి మాట రాలేదు. నేనే కట్టానని చెబితే ఏమవుతుందో అన్న భయం ఒక వైపు. చెప్పకపోతే అవ్వ ఆ గ్రహణాన్ని అమ్మ మీదికి కూడా తీసుకుపోతుందన్న భయం ఇంకో వైపు. రెండోదే గెలిచింది. చెప్పేశాను.

తాత నన్ను ఒక్క మాట అనలేదు. కిత్తనార ముడి విప్పడానికి ప్రయత్నించి, రాక, కత్తితో కోశాడు. అప్పుడు అవ్వతో నెమ్మదిగా అన్నాడు. "గ్రహణమూ కాదు, గాలీ కాదు. కట్టు బిగిసింది, అంతే. నువ్వు లేచి ఇంట్లోకి పో." అవ్వ ముఖం తేరుకోవడం చూశాను. తప్పు చేసిన మనవరాలు ఉండడం ఆమెకు ఎంత ఊరట అయిందో! వెళ్ళే ముందు నా తల మీద చెయ్యి వేసి నిమిరింది.

తాత విరిగిన చోటుకు కాస్త కింద, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా, ఒక్క కోత కోశాడు. ఆవుపేడ, ఎర్రమట్టి కలిపి నాతో పూయించాడు. జానెడు మోడు మిగిలింది. "రోజూ పొద్దున చెంబెడు నీళ్ళు నువ్వే పొయ్యి. తవ్వి చూడొద్దు, గిల్లి చూడొద్దు" అన్నాడు.

ఫాల్గుణమంతా నాకు ఆ మోడు దగ్గరే గడిచింది. చుట్టూ వసంతం దాని పని అది చేసుకుపోతోంది. గులాబీలకు ఎర్రటి చివుళ్ళు వచ్చాయి. తేనెపిట్టలు గాలిలో నిలబడలేక మందారం కొమ్మలకు వేలాడుతూ తాగుతున్నాయి. కింద మామిడితోపుల పూత వాసన మధ్యాహ్నం గాలితో పాటు కొండెక్కి వచ్చేది. అవి నాకు సగమే గుర్తున్నాయి. చెంబు పట్టుకుని ఆ మట్టిముద్ద చుట్టూ వెతికిన పొద్దుళ్ళు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి. పదిహేనో రోజున కాబోలు, మోడు మీద గోధుమగింజంత ఉబ్బు కనబడింది. పురుగేమో అనుకున్నాను. మూడు రోజులకు దాని మీది పొర చీలి లోపల ఆకుపచ్చ కనిపించింది. పరుగెత్తలేదు. అరవలేదు. నా ఊపిరి కూడా దానికి గాలి తగిలినట్టు అవుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

రౌద్రి నామ సంవత్సర ఉగాది మార్చి 17, సోమవారం. అమ్మ ఉగాదికి వస్తుందని అందరూ ఆశపడ్డాం, డాక్టర్లు ఇంకా పంపలేదు. తాత ముందురోజే కొండ దిగి వేపపువ్వు కోసుకొచ్చాడు. అవ్వ పచ్చడి చేసి స్టీలు క్యారియర్‌లో పెట్టింది. నేను కాగితం మీద ఆ చివురు బొమ్మ గీసి, ఎంత పొడవుందో పుల్లతో కొలిచి అంతే గీత గీసి ఇచ్చాను. విరగడం గురించి రాయలేదు. తాత మొదటి బస్సుకు వెళ్ళి చీకటి పడ్డాక తిరిగి వచ్చాడు. "మీ అమ్మ మూడు చెంచాలు తినింది" అన్నాడు అవ్వతో కాకుండా నాతో. "నీ బొమ్మ దిండు కింద పెట్టుకుంది."

తర్వాత ప్రతి వారం తాతతో ఒక గీత పంపాను. వేలంత. చేరెడంత. జానెడంత.

నైరుతి గాలులు మొదలయ్యాక, ఆషాఢంలో, అమ్మ వచ్చింది. గాలిబండ మీద మనిషి నిలబడలేని రోజులు అవి. బస్సు దిగిన అమ్మ ముఖం నున్నగా, కాస్త ఒళ్ళు చేసి, నాకు కొత్త మనిషిలా ఉంది. అవ్వ దిష్టి తీసేదాకా గుమ్మం బయటే నిలబడింది. లోపలికి వచ్చి కూర్చోమంటే, ముందు ఆ మొక్క చూపించమంది. శాలువా ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని తాత వెనకాలే బండ దగ్గరికి నడిచింది. మోడు పక్కనుంచి వంకరగా లేచిన కొమ్మ ఏడెనిమిది ఆకులతో గాలికి అటూ ఇటూ ఊగుతోంది. పక్కన ఊతకర్ర, మధ్యలో అరటినార. అమ్మ వంగి, ఎవరూ చెప్పకుండానే, ఆ ముడిలో రెండు వేళ్ళు దూర్చి చూసింది.

"ఇది పూసేది ఎప్పటికి నాయనా?"

"ఎనిమిదేళ్ళు పట్టొచ్చు. గాలిచోటు కదా, ఇంకో రెండేళ్ళు పట్టినా పట్టొచ్చు."

అమ్మ కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. చెట్లన్నీ ఒకేసారి పలుకుతున్నాయి.

"ఉంటానులే నాయనా" అంది.